వీరుల గుడి ఖడ్గము, చాపకూడు

గొడ్డలి కట్టెను కొట్టును. కొడవలి పైరును కోయును. కత్తిపీట కూరను తఱుగును. ఖడ్గమునకు మాత్రము మనుష్యుని శరీరము తప్ప వేఱు పని లేదు. చంపుటకును, చావు తప్పించుకొనుటకును మనుష్యుడు దానిని చేసికొనెను. అట్టి వస్తువును దైవభక్తులు పర్వదినములందు కడిగి, అలంకరించి, భక్తితో చేతబట్టి ఊరేగుట లోకమున అనేక దేశములలో కలదు. జపమాల పట్టవలసిన చేతికి ఖడ్గమేల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. మన కృష్ణామండలమునకు పొరుగున ఉన్న పల్నాటిసీమలోనే దానికి తగిన నిదర్శనమున్నది.

విజయవాడ విద్యార్థులకు ఆయుధపూజ క్రొత్త కాదు. అర్జునుడు తపస్సుచేసి పాశుపతాస్త్రమును పొందిన కొండ మన ఇంద్రకీలాద్రియేయని స్థలపురాణము చెప్పుచున్నది. దసరా దినములలో కమ్మరి తన సుత్తెను, వడ్రంగి తన ఉలిని, అచ్చుకూటమువారు తమ యంత్రమును, బస్సు నడుపువారు తమ బండిని పూజించుట మనము చూచుచునే యున్నాము. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద దాచిన కథనుబట్టి ఆ చెట్టునకును ఆనాడు గౌరవము జరుగును. గోదావరీ కృష్ణా మండలములలో వీరభద్రుని సంబరములు జరుగుచోట భక్తుడు ఖడ్గమును చేతబట్టి, గంభీరస్వరముతో దైవస్తుతిని చదువుచు అడుగు వేయును. ఆ చదువుటకే ‘ఖడ్గము చదువుట’ యని పేరు వచ్చినది.

ఈ ఆచారములను కొంచెము నిదానించి చూచినచో ఒక భేదము కనబడును. సుత్తెను పూజించు కమ్మరి మఱునాడు దానితో పని చేయును. ఖడ్గము పట్టిన భక్తుడు దానితో ఎన్నడును ఎవరిని కొట్టడు. దాని పని ముగిసినది. దాని జ్ఞాపకము మాత్రము మిగిలినది. ఆ జ్ఞాపకమును ఎట్లు కాపాడవలెనన్నదే పల్నాటి ప్రజల యెదుట ఎనిమిదివందల యేండ్లుగా నున్న ప్రశ్న.

విజయవాడనుండి గుంటూరు, నరసరావుపేటల మీదుగా పడమరకు పోయినచో నల్లరేగడి మాగాణములు వెనుకబడి, రాతినేలలు, చిట్టడవులు, నాపరాళ్ల గోడలు కనబడును. ఈ ప్రదేశము పూర్వము గుంటూరు జిల్లాలో నుండెను. 2022వ సంవత్సరమున పల్నాడు అను పేరుతోనే వేఱు జిల్లా యయ్యెను. అందు నాగులేరు ఒడ్డున కారెంపూడి యను ఊరున్నది. పాతపేరు కార్యమపూడి. పండ్రెండవ శతాబ్ది చివర, 1182 ప్రాంతమున, పల్నాటియుద్ధము ఇచ్చటనే జరిగెనని చెప్పుదురు.

ఆ యుద్ధకథ తెలుగుదేశమున ఎఱుగనివారు తక్కువ. అది పరదేశస్థులతో చేసిన పోరు కాదు. ఒక్క తండ్రి బిడ్డల కలహము. గురజాల నేలిన నలగామరాజు ఒక ప్రక్క, మాచర్ల నేలిన ఆతని సవతితమ్ముడు మలిదేవరాజు మఱియొక ప్రక్క. నలగామరాజునకు మంత్రిణి నాయకురాలు నాగమ్మ. మలిదేవరాజునకు మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెములో ఓడి మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచి వలస పోయిరి. గడువు తీఱిన పిదప రాజ్యభాగమడుగుటకు రాయబారిగా పోయిన అలరాజు చర్లగుడిపాడున విషప్రయోగముచే మరణించెనని కథ. అటుపై సంధిమాట సాగలేదు. కార్యమపూడి రణరంగమున బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడును, అరువదియార్గురు వీరనాయకులలో పలువురును కూలిరి. ఉభయపక్షములవారును నష్టపడిరి. గెలిచినవారికి మిగిలినది శ్మశానమే. ఆ శతాబ్ది గడచిన కొలది కాలములోనే, చందవోలు రాజధానిగా డెల్టాను ఏలిన వెలనాటి చోడుల ప్రాబల్యము అణగి, ఈ తీరభూములన్నియు కాకతీయ గణపతిదేవుని యేలుబడిలోనికి వచ్చెను.

ఇట్టి యుద్ధమును ప్రజలు మఱచిపోవుటయే మేలని కొందఱకు తోచవచ్చును. పల్నాటివారు మఱువలేదు. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పరిష్కరించి ముద్రించిరి. కాని పుస్తకమెఱుగని పల్లెలలో ఆ కథను కాపాడినవారు వీరవిద్యావంతులను గాయకులు. వీరిలో పెక్కుమంది మాల కులస్థులు. వాద్యముల నడుమ నిలిచి, రాత్రులవెంబడి వీరగాథ పాడుట వారి వృత్తి. జీన్ రోఘైర్ అను పాశ్చాత్య పండితుడు వారి నోటినుండి కథను విని వ్రాసికొని, 1982లో ఆంగ్లానువాదముతోగూడిన గ్రంథమును ప్రకటించెను. ఎవరిని ఊరు వెలుపల నుంచిరో, ఆ ఊరి చరిత్ర వారి కంఠములలోనే నిలిచి యుండుట మనము గమనింపదగిన విషయము.

ఇక ఆయుధముల సంగతి. ఏటేట కార్తిక బహుళ అమావాస్యతో కారెంపూడిలో వీరారాధనోత్సవము ఆరంభమై అయిదుదినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేళ్లు. ఈ పేళ్లు కథలోని ఘట్టములకు గుర్తులు. రాయబారమునాడు సంధికై జరిగిన వ్యర్థప్రయత్నమును, మందపోరునాడు పశువులమందను కాచుచు పోరాడి ప్రాణము విడిచిన లంకన్నను, కోడిపోరునాడు అనర్థమునకు మూలమైన పందెమును తలచుకొందురు. కడపటిది కళ్ళిపాడు. ఆనాటితో యుద్ధముయొక్క అంతమును స్మరించి ఉత్సవమును ముగింతురు.

ఈ ఆరాధనను కులదైవతారాధనముగ పాటించు కుటుంబములవారికి ఆచారవంతులని పేరు. వారు అనేక జిల్లాలనుండి తమ తమ వీరుని ఆయుధమును వెంటగొని కారెంపూడికి వత్తురు. ఈ ఆయుధములను కొణతములందురు. వానిలో ఖడ్గములున్నవి, కుంతములున్నవి. మొదట నాగులేటిలో వానికి స్నానము చేయింతురు. పిదప పసుపు కుంకుమలతోను పూలతోను అలంకరించి, వాద్యములతో వీరుల గుడికి కొనివత్తురు. గుడిముందు ఖడ్గము పట్టి ఆవేశముతో అడుగువేయుటకు కత్తిసేవ యని పేరు. బ్రహ్మనాయుని ఆయుధము నృసింహకుంతమనియు, కన్నమదాసు ఆయుధము భైరవఖడ్గమనియు సంప్రదాయము.

ఈ కన్నమదాసు ఎవరు? నాడు అంటరానివారని దూరముంచబడిన మాల కులమున పుట్టినవాడు. బ్రహ్మనాయుడు ఆతనిని కుమారునివలె చేరదీసి, సేనకు నాయకుని చేసెనని కథ చెప్పుచున్నది. బాలచంద్రుని వెంట యుద్ధమునకు నడచిన ‘తమ్ములు’ కూడ ఒక తల్లి బిడ్డలు కారు. బ్రాహ్మణుడైన అనపోతు మొదలుకొని చాకలి, మంగలి, కుమ్మరి, కంసాలి మున్నగు కులముల పిల్లలు వారు. కులము కత్తివాదరవలె మనుష్యులను వేఱుచేసిన కాలమున, ఈ కథయందలి ఖడ్గములు మాత్రము అన్ని కులముల చేతులలో నున్నవి. నేడు వీరుల గుడియొద్ద కన్నమదాసును తలచి చేతులు జోడించువాడు ఏ కులమువాడైనను, ఆ క్షణమున తన పెద్దలు అంటరానివాడన్న మనుష్యునికే మ్రొక్కుచున్నాడు.

మందపోరునాడు మఱియొక ఆచారము జరుగును. దానికి చాపకూడు అని పేరు. చాపలు పఱచి, వండిన అన్నమును వానిపై రాశిపోసి, అన్ని కులములవారును కలిసి భుజింతురు. దీనిని ప్రవేశపెట్టినవాడు బ్రహ్మనాయుడేయని పల్నాటివారి విశ్వాసము. కావున ఆ అయిదుదినముల ఉత్సవమున రెండు వస్తువులు ప్రధానమైనవి. ఒకటి నాగులేట కడిగిన ఖడ్గము. రెండవది నేలపై పఱచిన చాప. మొదటిదానిని చూచుటకే జనులు ఎక్కువగ మూగుదురు. రెండవదాని అర్థమును తెలిసికొన్నగాని మొదటిదాని గౌరవము మనకు బోధపడదు.

ఈ సంగతి స్పష్టమగుటకు మఱియొక దేశపు ఉదాహరణము పనికివచ్చును. పల్నాటియుద్ధము జరిగిన శతాబ్దిలోనే, ఐరోపాఖండపు నైరృతిమూలనున్న స్పెయిన్ దేశమున ఖడ్గధారులైన మతసంఘములు పుట్టినవి. ఆ దేశమున అప్పుడు క్రైస్తవరాజులకును మహమ్మదీయరాజులకును ఎడతెగని పోరు జరుగుచుండెను. 1158లో కలత్రావా కోటను కాపాడుటకు ఒక మఠాధిపతి ముందుకు వచ్చెను. ఆతని వెంట చేరిన సన్న్యాసులును యోధులును కలత్రావా సంఘమైరి. 1170లో సాంతియాగో సంఘము స్థాపింపబడి, 1175లో పోపుగారి యామోదము పొందెను. అల్కంతర సంఘమును, 1317లో మొంతేసా సంఘమును ఈ కోవకు చెందినవే. వీరు మఠవాసులవలె ప్రమాణములు చేసి, యోధులవలె ఖడ్గము ధరించిరి. సాంతియాగో సంఘమువారు శత్రువులచేత చిక్కిన బందీలను ధనమిచ్చి విడిపించుట, ఆస్పత్రులు నడుపుట కూడ తమ ధర్మముగ పెట్టుకొనిరి.

సాంతియాగో యనగా పరిశుద్ధ యాకోబు. ఆ సంఘమువారు తెల్లని పైవస్త్రముపై ఎఱ్ఱని సిలువగుర్తు ధరింతురు. ఆ సిలువ అడుగుభాగము ఖడ్గపు మొనవలె సన్నగిలి యుండును. అపొస్తలుల కార్యములను చదివిన మన విద్యార్థులకు యాకోబు ఎట్లు మరణించెనో తెలియును. హేరోదురాజు ఆజ్ఞచే ఆయన ఖడ్గముతో చంపబడెను. యాకోబు ఎవరిని ఖడ్గముతో చంపినట్లు లేఖనములలో లేదు. అయినను ఆయనను చంపిన ఆయుధమే కాలక్రమమున ఆయన పేర యుద్ధము చేయువారి గుర్తయ్యెను.

1492లో గ్రనడా పట్టుబడుటతో ఆ దేశపు మతయుద్ధములు ముగిసినవి. 1523లో ఈ సంఘముల యాధిపత్యము శాశ్వతముగ రాజునకు సంక్రమించినది. అటుపై ఖడ్గమునకు పని తగ్గి, గౌరవచిహ్నముగ మిగిలెను. కాని ఎవరికి ఆ గౌరవము? సంఘమున చేరగోరువాడు తన పూర్వులలో యూదులుగాని మహమ్మదీయులుగాని లేరని సాక్షులచే రుజువు చేయవలెను. తానును తన పెద్దలును చేతిపని చేసి బ్రతుకలేదనియు చూపవలెను.

ఈ నియమము ఎంత దూరము పోయెనో ఒక చిత్రకారుని చరిత్రవలన తెలియును. వెలాస్కెజ్ అనునాతడు స్పెయిన్ రాజు నాల్గవ ఫిలిప్పుయొక్క ఆస్థానమున నుండెను. ప్రపంచమునందలి ఉత్తమ చిత్రకారులలో నొకడు. రాజు ఆతనిని సాంతియాగో సంఘమున చేర్చదలచెను. అప్పుడు నూఱుమందికి మించిన సాక్షులను విచారించిరి. ఆతడు డబ్బునకై బొమ్మలు వ్రాయలేదని మిత్రులు సాక్ష్యము పలుకవలసివచ్చెను. అయినను వంశగౌరవము చాలదని పరిషత్తు త్రోసిపుచ్చెను. పోపుగారు నియమమునుండి మినహాయింపు ఇచ్చిన పిదప, 1659లో మాత్రమే ఆతనికి ఆ గౌరవము లభించినది. 1656లో వ్రాసిన సుప్రసిద్ధ చిత్రమున వెలాస్కెజ్ తన్నుకూడ చిత్రించుకొనియున్నాడు. చేత కుంచె, రొమ్ముపై ఎఱ్ఱని సిలువ. ఆ సిలువ పిమ్మట చేర్చబడినది. ఆతడు 1660లో మరణింపగా, సంఘపు వస్త్రముతోను ఖడ్గముతోను దేహము నలంకరించిరని ఆతని చరిత్రకారుడు పాలొమినో తెలిపెను. జీవితమంతయు కుంచె పట్టిన చేయి, కడపట ఎన్నడును దూయని ఖడ్గముతో గౌరవము పొందినది. ఏ చేతిపనివలన ఆతని కీర్తి నేటికిని నిలిచియున్నదో, ఆ పనిని దాచవలసివచ్చుట ఎంత విచారకరము!

ఇప్పుడు ఈ రెండు ఖడ్గములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండును భక్తుల చేతిలోనివే. రెండును ఒకే శతాబ్దిపు పోరులను జ్ఞప్తికి తెచ్చునవే. స్పెయిన్ ఖడ్గమునకు చుట్టును ఒక గోడ కట్టబడెను. దాని నెత్తమేమనగా, నీ రక్తము వేఱు, నీ వృత్తి తక్కువ, నీవు వెలుపల నుండుము అనుట. కారెంపూడి ఖడ్గము ప్రక్కన ఒక చాప పఱచియున్నది. దానిపై కూర్చుండువారిని నీ పెద్దలెవ్వరని అడుగరు.

అయితే మనదేశపు ఆచారమును పొగడుకొని ఊరకుండుట న్యాయము కాదు. పల్నాటి కథ యందును రక్తము ఏఱులై పాఱినది. కోడిపందెమువంటి అల్పకారణమును పట్టుదలలు పెంచి మహానాశము చేసినవి. చాపకూడు ఏడాదికొక దినము జరిగినది, జరుగుచున్నది. తక్కిన దినములలో కులభేదము పల్నాటను, డెల్టాయందును చిరకాలము రాజ్యమేలినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినను, మనస్సులలోని గోడ చట్టముతో ఒక్కనాట కూలదు. క్రైస్తవసంఘములు సహా ఈ దోషమునుండి ముక్తి పొందినవని చెప్పజాలము. బల్లయొద్దను, పెండ్లిసంబంధములయందును, శ్మశానవాటికలందును కులమును విచారించిన సంఘములు తెలుగుదేశమున నుండెను. ఇతరుల తప్పును స్పెయిన్‌లో వెదకుటకు ముందు మన యింటిని చూచుకొనవలెను.

ఖడ్గమును భోజనపంక్తియును జతగూడిన మఱియొక యుదాహరణము మనదేశముననే యున్నది. 1699లో గురుగోవిందసింగు ఖాల్సాను స్థాపించెను. కృపాణము ఖాల్సా సిక్కులు ధరింపవలసిన అయిదు గుర్తులలో నొకటి. మన రాజ్యాంగపు 25వ అధికరణమునకు చేర్చిన వివరణలో, కృపాణము ధరించుట సిక్కుమతావలంబనలో భాగమని స్పష్టముగ వ్రాయబడియున్నది. వారి గురుద్వారములలో లంగరు అను వంటశాల యుండును. రాజు వచ్చినను బిచ్చగాడు వచ్చినను అందఱు ఒకే నేలపై, ఒకే వరుసలో కూర్చుండి ఒకే అన్నము తినవలెను. దుర్బలుని రక్షింతునని ప్రమాణము చేసినవాడు ఆ దుర్బలుని ప్రక్కన కూర్చుండి తినకున్నచో ఆ ప్రమాణమునకు విలువ యేమున్నది?

మన సువార్తలలోను ఒకే రాత్రి ఈ రెండును కనబడును. మొదట మేడగదిలో భోజనపుబల్ల. అచ్చట జాలరియు, సుంకరియు, అప్పగింపబోవువాడును కలిసి కూర్చుండిరి. తరువాత గెత్సేమనే తోటలో ఖడ్గము. పేతురు దానిని దూసి ఒకని చెవి తెగనఱికెను. ప్రభువు ఆ ఖడ్గమును ఒరలో పెట్టుమని ఆజ్ఞాపించి, గాయపడినవానిని స్వస్థపఱచెను. శిష్యులకు జ్ఞాపకార్థముగ ఆయన విడిచిపోయినది బల్లయే, ఖడ్గము కాదు.

కావున విద్యార్థులారా, మొదట వేసికొన్న ప్రశ్నకు ఇట్లు సమాధానము చెప్పవచ్చును. భక్తుని చేతి ఖడ్గము చంపుటకు కాదు. ఒకప్పుడు చంపితిమని, చచ్చితిమని, అట్టి దినము మరల రాకూడదని జ్ఞప్తి చేయుటకు. అది ఆ పని చేయుచున్నదా లేదా యని తెలిసికొనుటకు దాని వాదరను పరీక్షింపనక్కఱలేదు. దాని ప్రక్కన ఎవరెవరు కూర్చుండి అన్నము తినుచున్నారో చూచిన చాలును.

మీలో ఎవరికైన కార్తికమాసాంతమున కారెంపూడికి పోవు అవకాశము కలిగినచో, నాగులేటి నీటిలో మెఱయు కొణతములను తప్పక చూడుడు. కత్తిసేవను చూడుడు. మూడవనాడు మాత్రము త్వరపడి తిరిగిరాక, చాపకూటివద్ద నిలువుడు. అచ్చటికి పోలేనివారు విచారింపనక్కఱలేదు. మన పాఠశాలలో మధ్యాహ్నభోజనపు గంట ప్రతిదినము మ్రోగుచున్నది. వసతిగృహమున పంక్తులు ప్రతిదినము తీఱుచున్నవి. రేపు ఆ గంట మ్రోగినప్పుడు, ఇంతవఱకు మీరు ఎవరి ప్రక్కన కూర్చుండలేదో వారి ప్రక్కన మీ పళ్లెము పెట్టుడు.